యోషీ అంత ముద్దుగా ఉన్నా ఆ గేమ్‌బాయ్ పజిల్ ఎందుకు విసుగు పుట్టిస్తుంది?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అడిగినవారు డల్లాస్‌లో ఉంటారు. ఎనిమిదేళ్ళ కూతురికి మారియో గేమ్‌లలోని బుజ్జి డైనోసార్ యోషీ అంటే ప్రాణం. పాత గేమ్‌లు అమ్మే షాపులో ఒక గేమ్‌బాయ్ (చేత్తో పట్టుకుని ఆడే పాత నింటెండో మెషీన్), దాంతోపాటు ‘యోషీ’ అనే పజిల్ క్యాసెట్ కనిపించాయట. నింటెండో వాళ్ళది, పైగా తర్వాతి కాలంలో పోకెమాన్ తీసిన కంపెనీయే దీన్నీ చేసింది. అయినా ఆడినవాళ్ళలో చాలామంది పెదవి విరుస్తున్నారు. ఇంత చక్కటి బొమ్మను పెట్టుకుని గేమ్ ఎక్కడ దెబ్బతింది, పాపకు కొనివ్వొచ్చా అని అడిగారు.

పాప కోసమైతే కొనకండి అండీ. మొదటి అరగంట ముచ్చటపడుతుంది, ఆ తర్వాత పక్కన పడేస్తుంది. యోషీయే కావాలంటే అదే గేమ్‌బాయ్‌కి 1996లో వచ్చిన ‘టెట్రిస్ అటాక్’ వెతకండి. రెండింటిలోనూ యోషీ ఉంది. మొదటి గేమ్‌లో ఆడేవాళ్ళ చేతికి చేయడానికి సరిపడా పని లేదు, రెండోదాంట్లో ఉంది. అసలు తేడా అక్కడే.

నేను హైదరాబాద్‌లో మొబైల్ పజిల్ గేమ్‌లకు లెవెల్స్ తయారుచేసే పని చేస్తాను. మా దగ్గర కొత్తగా చేరినవాళ్ళకు నేను ముందుగా ఆడించే పాత గేమ్‌లలో ఈ యోషీ ఒకటి. బాగున్న గేమ్ ఎందుకు బాగుందో చెప్పడం కష్టం. ఇందులో లోపం మాత్రం ఒక్క పూట ఆడితే ఎవరికైనా అర్థమవుతుంది. అందుకని కాస్త వివరంగా చెప్తాను.

ముందు గేమ్ ఏమిటో చూద్దాం. 1991 డిసెంబర్ 14న జపాన్‌లో ఫ్యామికామ్‌కీ (టీవీకి తగిలించి ఆడే నింటెండో మెషీన్, బయటి దేశాల్లో దీని పేరు ఎన్ఈఎస్), గేమ్‌బాయ్‌కీ ఒకేసారి వచ్చింది. అక్కడ పేరు ‘యోషీ నో తమాగో’, అమెరికాలో 1992లో ‘యోషీ’, యూరప్‌లో ‘మారియో అండ్ యోషీ’. చేసింది గేమ్ ఫ్రీక్. పోకెమాన్‌కి సంగీతం ఇచ్చిన జునిచి మసుదాయే దీనికీ సంగీతం ఇచ్చాడు. యోషీ పుట్టింది 1990 నవంబర్‌లో, ‘సూపర్ మారియో వరల్డ్’లో. అంటే ఏడాది తిరిగేసరికి ఆ బొమ్మ పేరు మీదే ఒక గేమ్ వచ్చేసిందన్నమాట. అప్పటికి గేమ్‌బాయ్‌లో టెట్రిస్ పాతుకుపోయింది, 1990లో వచ్చిన ‘డాక్టర్ మారియో’ కూడా బాగా ఆడుతోంది. పై నుంచి ఏదో ఒకటి పడే పజిల్ గేమ్‌లకు మంచి గిరాకీ ఉన్న రోజులవి.

తెర మీద నాలుగు నిలువు వరసలుంటాయి. అడుగున మారియో రెండు చేతుల్లో రెండు పళ్ళాలు పట్టుకుని రెండు వరసల మధ్య నిలబడతాడు. పై నుంచి ఒక్కో విడతకు రెండేసి ముక్కలు దిగుతాయి. గూంబా, బూ అనే దెయ్యం, బ్లూపర్, పిరాన్హా మొక్క, ఇలా శత్రువులు నాలుగు రకాలు. ఇవి కాక గుడ్డు పెంకు ముక్కలు, కింది సగం ఒకటి, పై సగం ఒకటి. ఒక శత్రువు మీద అదే రకం శత్రువు పడితే రెండూ మాయం. కింది పెంకు మీద కొన్ని శత్రువులు పేరుకున్నాక వాటిపైన పై పెంకు పడితే, మధ్యలో ఉన్నవన్నీ గుడ్డులో చిక్కుకుని అందులోంచి యోషీ పుడుతుంది. ఎన్ని ఎక్కువ చిక్కితే అంత పెద్ద యోషీ, అంత ఎక్కువ స్కోరు. కింద పెంకు లేని వరసలో పై పెంకు పడితే ఊరికే మాయమవుతుంది. ఏ వరసలోనైనా గుట్ట పెరిగి పైనున్న గీత దాటితే ఆట అయిపోయినట్టే.

వినడానికి ఎంత బాగుందో చూడండి. ముఖ్యంగా ఆ గుడ్డు ఆలోచన నిజంగా గొప్పది, దాని సంగతి కింద చెప్తాను.

అసలు చిక్కు ఇక్కడుంది: పడే ముక్క మీద మీకు అధికారం లేదు. టెట్రిస్‌లో ముక్కను పక్కకు జరుపుతారు, తిప్పుతారు, కావలసిన చోట దించుతారు. యోషీలో ఏ ముక్క ఏ వరసలో దిగాలో గేమే నిర్ణయిస్తుంది. మీరు చేయగలిగిందల్లా పక్కపక్క వరసలు రెండింటిని మొత్తంగా అటుదిటు మార్చడం. తొందరగా ఉంటే కింది బటన్ నొక్కి ముక్కల్ని త్వరగా దించుకోవచ్చు. అంతే.

ఇందులో మీకున్న స్వేచ్ఛ ఎంతో లెక్కేద్దాం. నాలుగు వరసలు, రెండు ముక్కలు. ఏ ముక్క ఏ వరస మీద పడాలన్నది 12 రకాలుగా ఎంచుకోవచ్చు. ఒకటి ముందు దిగి, ఇంకోటి వెనక దిగేటప్పుడు రెండింటినీ ఒకే వరస మీద పడేలా చూసుకున్నా మొత్తం 16. గేమ్‌బాయ్ టెట్రిస్‌లో వెడల్పు 10 గళ్ళు. అక్కడ టీ ఆకారపు ముక్క ఒక్కదాన్నే 34 విధాలుగా దించొచ్చు, ముందు పడిన గుట్ట ఎలా ఉన్నా సరే. పైగా యోషీలో ఆ పన్నెండులో చాలావరకు ఎందుకూ కొరగానివి, ఎందుకంటే జత కుదరని చోట ముక్క పడితే గుట్ట పెరగడమే కదా. నిజంగా ఆలోచించాల్సిన నిర్ణయం ప్రతి విడతకూ ఒకటో రెండో మిగులుతుంది. చాలాసార్లు అదీ ఉండదు.

ఒక సందర్భం చూపిస్తాను. నాలుగు వరసల పైభాగాన ఎడమ నుంచి గూంబా, బూ, బ్లూపర్, పిరాన్హా మొక్క ఉన్నాయనుకోండి. ఇంతకంటే మంచి స్థితి ఉండదు, ఏ శత్రువు వచ్చినా జత సిద్ధంగా ఉంది. ఇప్పుడు మొదటి వరస పైన పిరాన్హా మొక్క, రెండో వరస పైన బ్లూపర్ దిగుతున్నాయి. కుడి చివర ఉన్న రెండు వరసల్నీ ఎడమ చివరికి, అది కూడా తలకిందులు చేసి తేవాలి. పక్కపక్కవే మార్చగలరు కాబట్టి కనీసం అయిదు మార్పిళ్ళు కావాలి, మధ్యలో మారియోను అటూ ఇటూ జరపడం అదనం. వేగం తక్కువగా ఉంటే ఇది ఆలోచన అక్కర్లేని బటన్ పని, వేగం పెరిగితే వేళ్ళకు పరుగు పందెం. రెండింటిలోనూ బుర్రకు పని లేదు.

అదే స్థితిలో రెండూ గూంబాలే దిగాయనుకోండి. ఒకటి జత కుదిరి పోతుంది. రెండోది ఏదో ఒక వరస మీద కూర్చుంటుంది, దాని కింద ఉన్నది కప్పబడిపోతుంది. రెండు ముక్కలూ ఎత్తు తేడాతో దిగితే, ఆ కాస్త వ్యవధిలో మొదటిది పడిన వరసనే రెండోదాని కిందకి తేగలిగితే బతికిపోతారు. లేదంటే తప్పించుకునే దారి లేదు. ఎంత బాగా ఆడినవాళ్ళకైనా ఇంతే. ఆడేవాళ్ళు ఓడిపోయినప్పుడు “అయ్యో, ఇటు వేసి ఉండాల్సింది” అనుకోవాలి. అలా అనుకున్నవాళ్ళే మళ్ళీ మొదలుపెడతారు. యోషీలో ఓడిపోతే “అది రాలేదు, ఇది వచ్చింది” అనుకుంటారు. వైకుంఠపాళిలో పాము మింగితే ఎవరికీ కోపం రాదు, ఎందుకంటే అది పాచికల ఆటని ముందే తెలుసు. ఇది మాత్రం బుర్ర పెట్టి ఆడమని చెప్పి, తీరా పాచికలు చేతికిస్తుంది.

రెండో లోపం, గొలుసుకట్టు లేకపోవడం. డాక్టర్ మారియోలో నాలుగు ఒకే రంగువి కలిసి పోయినప్పుడు, వాటి పైన మిగిలిన సగం మాత్రలు (అందులో పై నుంచి పడేవి రెండు సగాల మాత్రలు) కిందకు జారి మరో నాలుగు కలవొచ్చు. మీరు ముందే ఊహించి పేర్చి, అది జరిగినప్పుడు కలిగే ఆనందం కోసమే జనం ఆ గేమ్‌ను ఏళ్ళ తరబడి ఆడతారు. యోషీలో జత ఎప్పుడూ వరస పైభాగానే కుదురుతుంది. పైన ఇంకేమీ ఉండదు కాబట్టి కిందకు జారేదీ ఉండదు. ఒకదాని వెనక ఒకటి పేలే అవకాశం నిర్మాణంలోనే లేదు. వరసలో అడుగున ఏముందో చూసి పథకం వేసే పనీ లేదు, పైనవి తీసేదాకా అది మీకు అందదు. మొత్తం తెరలో ఏ క్షణానైనా మీకు పనికొచ్చేవి నాలుగు ముక్కలే.

ఈ లోటును పూడ్చడానికే గుడ్డు పెట్టారని నా అభిప్రాయం. ఆ ఆలోచన ఎంత మంచిదంటే, కింది పెంకు పడగానే ఆట స్వభావం మారిపోతుంది. అప్పటిదాకా గుట్ట పెరగకూడదని చూసినవాళ్ళు ఇప్పుడు కావాలని పెంచడం మొదలుపెడతారు. జత కుదరని శత్రువుల్ని తెచ్చి తెచ్చి ఆ పెంకు మీద పేరుస్తారు. ప్రమాదం పెరిగేకొద్దీ ప్రతిఫలం పెరుగుతుంది. మా వృత్తిలో ఇలాంటి ఆలోచన దొరకడం కోసం నెలలు పడతాయి.

కానీ ఆ పై పెంకు ఎప్పుడొస్తుందో మీ చేతిలో లేదు. మా మేనకోడలు నింటెండో వాళ్ళ స్విచ్ మెషీన్‌లో దీన్ని ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. మూడో వరసలో పెంకు పడింది, దాని మీద వరసగా శత్రువుల్ని పేర్చింది, నాలుక బయటపెట్టి మరీ. గుట్ట గీత దగ్గరికి వచ్చేసింది. ఇంకొక్క పెంకు వస్తే ఈ గేమ్‌లో తను చూడని పెద్ద యోషీ పుడుతుంది. ప్రతిసారీ పైన చూపించే తర్వాతి ముక్కల వైపే కళ్ళు. గూంబా, బూ. మళ్ళీ బూ, బ్లూపర్. చివరికి గుట్ట గీత దాటింది, ఆట అయిపోయింది. “మామయ్యా, నేనేం తప్పు చేశాను?” అని అడిగింది. ఏమీ చేయలేదు. అంతకు ముందు ఆటలో అయితే కింది పెంకు పడిన వెంటనే పై పెంకు వచ్చేసింది, ఖాళీ గుడ్డులోంచి చిట్టి యోషీ పుట్టింది. అందులోనూ తన గొప్ప ఏమీ లేదు. గెలుపు తనది కాదు, ఓటమీ తనది కాదు. పిల్లలు దీన్ని మాటల్లో చెప్పలేరు కానీ చాలా తొందరగా పసిగడతారు. ఆ తర్వాత తను మళ్ళీ దాన్ని తెరవలేదు.

గేమ్‌బాయ్ వెర్షన్‌కి ఇంకో ఇబ్బంది ఉంది. పాత గేమ్‌బాయ్ తెర 160 చుక్కల వెడల్పు, 144 చుక్కల ఎత్తు, నాలుగే ఛాయలు, వెనక లైటు లేదు. రంగుతో గుర్తుపట్టే వీలు లేక ఆకారంతోనే గుర్తుపట్టాలి. వేగం పెరిగాక సాయంత్రం వెలుతురులో పాప కళ్ళకు అది శ్రమే.

ఇక్కడ చాలామంది ఒక మాటంటారు: ముద్దు బొమ్మను అతికించి డబ్బు చేసుకుందామని చూస్తే గేమ్ ఇలాగే ఉంటుంది అని. నేను దీన్ని ఒప్పుకోను. దానికి సాక్ష్యం టెట్రిస్ అటాకే. 1995లో జపాన్‌లో ఫ్యామికామ్ తర్వాతి మెషీన్ సూపర్ ఫ్యామికామ్‌కి (బయటి దేశాల్లో సూపర్ ఎన్ఈఎస్) ‘పానెల్ దె పోన్’ అని ఒక పజిల్ వచ్చింది, చేసింది ఇంటెలిజెంట్ సిస్టమ్స్. అందులో బొమ్మలు చిన్న చిన్న దేవకన్యలు. బయటి దేశాలకు తెచ్చేటప్పుడు వాళ్ళను తీసేసి యోషీని, తన తోటి బొమ్మల్ని పెట్టి టెట్రిస్ అన్న పేరు తగిలించారు. టెట్రిస్‌తో ఆ గేమ్‌కి పోలికే లేదు. అంటే అతికించడం అంటే ఇదే, ఇంతకంటే నిక్కచ్చిగా అతికించిన గేమ్ దొరకదు. అయినా అది నేటికీ ఆడదగ్గ గేమ్. 1991 యోషీలో మాత్రం గుడ్డు, పెంకు, పుట్టుక, అన్నీ ఆ బొమ్మ స్వభావం నుంచే అల్లారు. అయినా చప్పబడింది.

రెండింటిలో చేతికిచ్చిన పని పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ పక్కపక్కవి రెండు అటుదిటు మార్చడమే ఆట. యోషీలో నాలుగు వరసలు, వరసకు వరస మొత్తంగా మారుతుంది. టెట్రిస్ అటాక్‌లో వెడల్పు ఆరు గళ్ళు, అడుగు నుంచి పైదాకా ఎక్కడున్న ముక్కనైనా పక్కదానితో మార్చొచ్చు. ముక్కలు కింద నుంచి పైకి పెరుగుతాయి కాబట్టి రాబోయేదానికి ఎదురుచూడక్కర్లేదు, కావలసినవన్నీ కళ్ళముందే ఉంటాయి. మూడు కలిస్తే పోతాయి, పైవి జారుతాయి, గొలుసుకట్టు మొదలవుతుంది. జారుతుండగానే ఇంకో చోట మార్చి గొలుసును పొడిగించొచ్చు. ఓడిపోతే తప్పు ఎక్కడుందో తెర మీదే కనిపిస్తుంది. ఎనిమిదేళ్ళ పిల్ల మొదటి రోజు మూడు కలపడం నేర్చుకుంటుంది, కొన్నాళ్ళకు గొలుసు వేయడం తనంతట తానే కనిపెడుతుంది.

మధ్యలో 1992లో ‘యోషీస్ కుకీ’ కూడా వచ్చింది. అందులో అడ్డ వరసల్ని, నిలువు వరసల్ని జరిపి ఒకే రకం బిస్కెట్లతో వరస నింపాలి. యోషీ కంటే మెరుగు, ఆలోచించడానికి చోటుంది. టెట్రిస్ అటాక్ అంత దూరం మాత్రం రాదు.

మా పనిలోనూ ఇదే చూస్తుంటాం. ఒకసారి ఒక క్లయింట్ బుజ్జి ఏనుగు బొమ్మ తెచ్చి, దాని చుట్టూ పజిల్ చేయమన్నారు. మేం ఇలాంటి పని వచ్చినప్పుడు ముందు బొమ్మను పక్కన పెట్టి, ఉత్త రంగు గళ్ళతో నమూనా చేసి బయటి పిల్లలతో ఆడిస్తాం. గళ్ళతో ఆడినప్పుడు “ఇంకోసారి” అని అడిగితేనే బొమ్మ పెడతాం. ఆ క్లయింట్‌కి మాత్రం మొదటి రోజు నుంచే బొమ్మ కావాలి. సరేనని పెట్టాం. ఏనుగు చెవులు ఊపినప్పుడల్లా పిల్లలు పకపకా నవ్వారు, గది నిండా సందడి. క్లయింట్ ముఖం వెలిగిపోయింది. మర్నాడు వాళ్ళనే పిలిచి మళ్ళీ ఇచ్చాం. ఏనుగు చెవులు ఊపడం మొదలవగానే తెర మీద టకటకా తట్టడం మొదలుపెట్టారు, అది తొందరగా అయిపోవాలని. అప్పుడు ఏనుగును తీసేసి, గళ్ళతో మొదలుపెట్టి, పిల్లల చేతికి ఇంకో కదలిక ఇచ్చాం. పడబోయే ముక్కను ఒకసారి దాచుకుని తర్వాత వాడుకునే వీలు. ఆ చిన్న మార్పుతో పిల్లలు ఆటలో నిలబడ్డారు, ఏనుగు మళ్ళీ ముద్దొచ్చింది. యోషీలో కూడా ఒక్క పై పెంకును దాచుకునే వీలుంటే చాలు, అది వేరే గేమ్ అయ్యేదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

గేమ్ ఫ్రీక్ వాళ్ళకు చేతకాక ఇలా చేశారని మాత్రం అనుకోవద్దు. 1989లో వాళ్ళ మొదటి గేమ్ ‘క్విన్టీ’లో నేల మీది పలకల్ని తిప్పి శత్రువుల్ని విసిరేస్తారు, చేతికి ఎంత పనో. 1996లో అదే గేమ్‌బాయ్ మీద పోకెమాన్ తెచ్చారు. యోషీలో కూడా పాట వినసొంపుగా ఉంటుంది, యోషీ పుట్టే ఘట్టం ముచ్చటగా ఉంటుంది. పాత గేమ్‌లు సేకరించేవారికి, ఈ కంపెనీ నడిచిన దారి తెలుసుకోవాలనుకునేవారికి క్యాసెట్ దగ్గరుంచుకోదగ్గదే.

ఇద్దరు కలిసి ఆడితే కూడా కొంత నయం. పోటీ ఉన్నప్పుడు అదృష్టం అంతగా కోపం తెప్పించదు, ఇద్దరికీ ఒకే గతి కాబట్టి నవ్వుకుంటారు. కాకపోతే గేమ్‌బాయ్‌లో ఇద్దరు ఆడాలంటే రెండు గేమ్‌బాయ్‌లు, రెండు క్యాసెట్లు, వాటిని కలిపే కేబుల్ కావాలి. ఈ గేమ్ కోసం అంత ఖర్చు దండగ.

ఇక మీరు చేయాల్సింది. ఇంట్లో స్విచ్ ఉండి, ఆన్‌లైన్ సభ్యత్వం ఉంటే, యోషీ ఎన్ఈఎస్ వెర్షన్ 2018లో ఆ సేవ మొదలైనప్పటి నుంచీ అందులో ఉంది. రంగుల్లో ఉంటుంది, ఇంకో కంట్రోలర్ మీరు పట్టుకుంటే ఇద్దరూ ఆడొచ్చు. ముందు పాపతో అది ఆడించి చూడండి. ‘పానెల్ దె పోన్’ కూడా సూపర్ ఎన్ఈఎస్ గేమ్‌లలో ఉంది, యోషీ ఉండదు, దేవకన్యలుంటారు. రాతలు జపనీస్‌లో ఉన్నా ఆడటానికి అడ్డం రావు. పాపకు అది నచ్చితే అప్పుడు గేమ్‌బాయ్, టెట్రిస్ అటాక్ క్యాసెట్ గురించి ఆలోచించండి.

గేమ్‌బాయ్ కొనేటట్టయితే అసలు పాత గేమ్‌బాయ్ కంటే గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీ చూడండి. తెరకు లైటు ఉంటుంది, ఛార్జింగ్ పెట్టుకోవచ్చు, పాత గేమ్‌బాయ్ క్యాసెట్లన్నీ అందులో ఆడతాయి. దాని తర్వాత వచ్చిన నింటెండో డీఎస్ తీసుకుంటే ఇవి ఆడవు, షాపువాళ్ళు ఆడతాయన్నా నమ్మకండి. క్యాసెట్‌ను షాపులోనే పెట్టి, ఆన్ చేసి, ఒక ఆట పూర్తిగా ఆడాకే డబ్బులివ్వండి. క్యాసెట్ అడుగున మెషీన్‌కి తగిలే లోహపు పట్టీలు నల్లబడి ఉంటే బేరమాడండి, చాలావరకు శుభ్రం చేస్తే సరిపోతుంది.